సాయంత్రం చెల్లి బడికి నువ్వు వెళ్లాలి

నాన్నా,

కూర స్టవ్ మీద ఉంది, వేడి చేసుకుని తిను. తిన్నాక కాసేపే పడుకో. ఐదింటికి చెల్లి వాళ్ల బడిలో మీటింగ్ ఉంది. బడి వదిలాక పిల్లలకి చెప్పే క్లాసులు ఆపేస్తారట. పెద్దవాళ్లెవరూ వచ్చి అడగకపోతే ఈ నెలతో సరి.

ఇవాళ ఒక్కరోజే డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోయినా, పొద్దుట్నుంచి బస్సు నడిపి నీ నడుం పడిపోయి ఉంటుందని తెలుసు. అందుకే రెండు అలారాలు పెట్టాను. ఒకటి దిండు కింద ఉంది. రెండోది నీకు దొరకదు. మీటింగులో గురకపెట్టినా పర్లేదు, క్లాసులు ఎవరికి కావాలని అడిగినప్పుడు మాత్రం చెయ్యెత్తు.

చెల్లి నీకు చెప్పొద్దంది గానీ చెప్తున్నా. ఆ క్లాసులు లేనప్పుడు అది బడి నుంచి వచ్చి, గడియ పెట్టుకుని, నేనో అమ్మో వచ్చేదాకా తలుపు దగ్గరే కూర్చునేది. భయంతో బాత్రూంకి కూడా వెళ్లేది కాదు.

ఇప్పుడు అక్కడ డ్రమ్ము నేర్చుకుంటోంది. దాని దెబ్బకి ఆ వీధి పావురాలన్నీ ఇళ్లు ఖాళీ చేశాయి. నిన్న టీచర్ కాస్త మెల్లగా కొట్టమంటే, "మెల్లగా కొడితే నేనున్నానని ఎవరికి తెలుస్తుంది టీచర్" అందట. చెప్తూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాకు పరీక్ష ఉంది, లేకపోతే నేనే నీ చొక్కా వేసుకుని వెళ్లేదాన్ని.

అన్నట్టు, అక్కడ ఏం మాట్లాడాలో తోచకపోతే, బడి వదిలే టైముకి మా ఇంట్లో ఎవరూ ఉండరని చెప్పు. అంతే చాలు.