కాలమ్ పక్కన కోసిన రంధ్రం

బుధవారం, భూపాలపల్లి

ప్రత్యేక రాష్ట్రం కోసం ఇవాళ కూడా బంద్. బస్సుల్లేక జనగామ ఇంటికి పోలేకపోయాను. ఒళ్లంతా అలసట.

కొత్త షెడ్డులో పైపులు దూరేందుకు ఉక్కు బీముల్లో రంధ్రాలు ఎక్కడ కొయ్యాలో ఇంజినీరుగా గీసిచ్చింది నేనే. ఉక్కు బరువు తగ్గించాలని నెల రోజులు లెక్కలు చేసి, రంధ్రాలను వీలైనంత పెద్దవి చేశాను. పొద్దున వెల్డర్ యాకూబ్ అన్న గ్యాస్ కట్టర్ ఆర్పేసి నన్ను పిలిచాడు.

"మేడం, గీ బొక్క కాలమ్‌కు గింత దగ్గర పెట్టిన్రేంది? బరువంత గీడికే వస్తది గద. జర సూడుండ్రి."

"కంప్యూటర్ల చూసిననే అన్నా, నువ్వు కొయ్యి" అన్నాను విసుగ్గా. ఆయన కట్టర్ మళ్లీ వెలిగించి కోశాడు.

మధ్యాహ్నం మనసొప్పక లెక్క మళ్లీ తీశాను. బీమ్ మీద కూర్చోబెట్టే నీళ్ల పంపు బరువు బీమ్ మధ్యలో పడుతుందని లెక్కలో వేశాను. అసలు అది వచ్చేది కాలమ్ పక్కనే, సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే. పంపు ఇంకా ఎక్కించలేదు కాబట్టి ప్రమాదం తప్పింది.

పరుగున పోయి తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. యాకూబ్ అన్న ఎత్తిపొడవలేదు.

"బొక్క సుట్టూ మందం ప్లేట్లు అతికిద్దాం తియ్యుండ్రి. నేను గూడ ఇంకోసారి అడగాల్సుండె."

ప్లేట్ల కొలతలు గీసిచ్చి వచ్చాను. బీమ్ నిలుస్తుంది. ఇంకోసారి అడగాల్సుండె అన్న ఆయన మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు. మన మాటను ఎవరూ లెక్కచెయ్యరని నిన్న బంద్ ధర్నాలో మైకు పట్టుకుని అరిచింది నేనే. పొద్దున నేను విసుక్కున్నాక ఆయన రెండోసారి ఎందుకడగలేదో నాకు తెలుసు...