కీమా మిషన్లో కోడి

పెద్దోడా, నీ చెల్లెలి ఇల్లు చల్లగానే ఉంది, కంగారు పడకు. అల్లుడుగారి మాంసం కొట్టు మూయించారని నీ చెవిన పడే ఉంటుంది. మేక కీమాలో వేరేది కలుపుతున్నాడని ఎవరో ఫిర్యాదు ఇచ్చారు. ఆహార తనిఖీ ఆఫీసు నుంచి ఒకామె వచ్చి చెంచాడు కీమా పట్టుకెళ్ళింది. డీఎన్ఏ పరీక్షంట, ఎంత నూరినా ఉడికించినా ఏ జంతువుదో చెప్పేస్తుందంట. మేకతో పాటు కోడి కూడా ఉందని తేలింది, ఆమే మళ్ళీ వచ్చి కొట్టు మూయించింది.

"నా కొట్లోకి కోడి ఈక కూడా రాదు మేడమ్" అని అల్లుడుగారు నెత్తి బాదుకున్నారు. నేనే ముందుకెళ్ళి చెప్పేశాను.

"ఆ కోడి నాదేనమ్మా. నమల్లేక, పొద్దున్నే ఎవరూ లేవకముందు కొట్లో కీమా మిషన్లో తిప్పుకున్నాను. కడిగాను కానీ సరిగ్గా పోలేదేమో."

ఆమె నవ్వాపుకుని, "మామ్మగారూ, మీ కంటికి కనపడనిది కూడా మా పరీక్షకి దొరుకుతుంది" అంది. మిషను విప్పించి, వేడినీళ్ళతో కడిగించి, కళ్ళెదుటే మేక మాంసం ఆడించి మళ్ళీ ఓ చెంచాడు తీసుకెళ్ళింది. నిన్న కాగితం వచ్చింది. అచ్చంగా మేకే. ఈ ఉదయం కొట్టు తెరిచి, ఆ కాగితం అద్దానికి అంటించారు. జనం బాగానే వస్తున్నారు.

"అత్తయ్యా, ఇంక మిషను ఛాయలకి వచ్చారో!" అని అల్లుడుగారు వేలు చూపిస్తున్నారు.

చంటిదానికి దగ్గు తగ్గిందా? గ్యాసు కట్టేసే పడుకుంటున్నారా? కోడల్ని మెట్ల మీద తడి లేకుండా చూసుకోమను. నా పళ్ళ సెట్టు బీరువా పై అరలో నీలం డబ్బాలో మరిచిపోయి వచ్చాను. గుడ్డలో చుట్టి వెంటనే పంపు, ఈ గొడవంతా దానివల్లే.

మీరంతా గట్టి పళ్ళతో నూరేళ్ళు నమిలి తినాలి.

అమ్మ