పొద్దు ప్రకారం

అత్తయ్యకి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. నేను బాగున్నాను. మీరూ, మీ అబ్బాయీ, మన చిట్టి రాక్షసీ బాగున్నారని మీ ఉత్తరంలో చదివి మనసు కుదుటపడింది. ఓడ దిగాక కూడా కొన్నాళ్ళు కాళ్ళ కింద నేల ఊగుతున్నట్టే ఉండేది. ఇప్పుడు తగ్గింది.

మీరు మూడు ప్రశ్నలడిగారు. వేళకి తింటున్నానా? తింటున్నాను, బట్టలు బిగుతవుతున్నాయి, ఇక ఆ బెంగ మానండి. "ఓడెక్కడం ఇదే ఆఖరుసారి కదా?" అన్నదానికి జవాబు చివర్లో ఉంది. మీ సంగతి నాకు తెలుసు, ముందే అక్కడికి వెళ్ళిపోకండి. ఆ మిగిలిన ప్రశ్నకే నాకు నవ్వాగలేదు. "బిందెడు ఉప్పునీళ్ళు తోడటానికి ఇంత చదువూ, అంత ఓడా ఎందుకే?" అన్నారు. చెబుతా వినండి.

ఆ బిందెడు నీళ్ళలో కంటికి కనబడని ప్రాణులు కోట్లకు కోట్లుంటాయి. కొన్ని పచ్చనివి, ఎండతోనే తమ తిండి వండుకుంటాయి. మిగతావి వీటిని తినో, వీటి నుంచి కారినదాన్ని తాగో బతుకుతాయి. ప్రతిదాని లోపలా జన్యువులుంటాయి, ఏ పని ఎలా చెయ్యాలో చెప్పేవి. అన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. మేం లేవకముందే మీరు పొయ్యి దగ్గర అన్నీ అమర్చుకుంటారే, అలా పచ్చనివి ఎండ రాకముందే ఎండను పట్టే సామాను సిద్ధం చేసుకుంటాయి. విచిత్రమేంటంటే, ఎండతో పనిలేని ఇరుగుపొరుగు కూడా వీటి వెనకే వరసగా పనిలోకి దిగుతారు. వండేవాళ్ళ వేళను బట్టే కదా తినేవాళ్ళ వేళ! మేం రాత్రీ పగలూ విడవకుండా నీళ్ళు తోడి, వడగట్టి, ఆ క్షణాన ఎవరు ఏ పనిలో ఉన్నారో అలాగే చిన్న సీసాల్లో గడ్డకట్టించేస్తాం. తర్వాత ఒడ్డుకొచ్చాక ల్యాబులో తీరిగ్గా చదువుకుంటాం.

చదివితే ఏమైందో తెలుసా? మొదటి రోజులవి చక్కగా వచ్చాయి. ఆ తర్వాతవన్నీ కలగాపులగం. పొద్దున్నే లేవాల్సినవి రోజురోజుకీ బద్ధకంగా లేస్తున్నట్టు కనబడ్డాయి. మా జట్టుకి పెద్ద అయిన మేడమ్ చూసి, "గడ్డకట్టించడంలో ఆలస్యం జరిగినట్టుంది. ఇవి పారేద్దాం" అన్నారు. గడ్డకట్టించే పని నాది! ఒళ్ళు మండిపోయింది. వేళ్ళు కొంకర్లుపోతున్నా ఒక్క సీసా కూడా ఆలస్యం కానివ్వలేదు నేను. "ఒక్కరోజు ఆగండి" అని బతిమాలాను.

కోపం తగ్గుతుందని గదికొచ్చి మీ ఉత్తరం మళ్ళీ తీశాను. "పొద్దు వాలింది, పిల్ల ఇంకా ఆటలోనే ఉంది" అని రాశారు. ఎన్ని గంటలకో రాయరు కదా మీరు! బస్సు కండక్టరుగా రిటైరైన రోజున వాచీ విప్పి మీ అబ్బాయి చేతిలో పెట్టి, "ఇక నాకు పొద్దు చాలు" అన్న మనిషాయె. నవ్వుకుంటూ ఉన్నదాన్ని ఉన్నట్టుండి లేచి నిలబడ్డాను. అత్తయ్యా, మేం సీసాల మీద రాసింది వాచీ టైము! గందరగోళం రాకూడదని, బయల్దేరిన రేవు టైమే అందరం చివరిదాకా ఉంచుకున్నాం. ఓడేమో పడమటికి పోతూనే ఉంది. పోయేకొద్దీ మా వాచీల ప్రకారం పొద్దు పొడవడం ఆలస్యమవుతూ వచ్చింది. కెప్టెన్ ఓడ గడియారాన్ని వెనక్కి తిప్పుతూనే ఉన్నాడు, మేం ఆ టైముకే భోజనాలకి పరిగెత్తాం. తిండికొక టైము, సీసాలకొక టైము! ఒక్కళ్ళకీ తట్టలేదు, నాతో సహా.

మర్నాడు వాచీ టైము పక్కన పెట్టి, ఏ సీసా తోడినప్పుడు అక్కడ పొద్దు ఎంతుందో లెక్కగట్టాం. అన్నీ బుద్ధిగా వరసలోకి వచ్చి కూర్చున్నాయి. ముందు పచ్చనివి, వెనక ఇరుగుపొరుగు, ప్రతిరోజూ అదే తీరు. ఆనందం పట్టలేక ల్యాబులో ఈల వేశాను. మేడమ్ అందరి ముందూ నా భుజం తట్టి, "తొందరపడి అన్నాను, ఏమీ అనుకోకు" అన్నారు. ఇప్పుడిక్కడ ఎవరూ టైమెంతని అడగట్లేదు, "పొద్దెంత?" అంటున్నారు. మీ మాటే! నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

ఇక ఆ ప్రశ్న. వచ్చే ప్రయాణానికి నన్నే జట్టు నడపమన్నారు. సరే అన్నాను. మిమ్మల్ని అడక్కుండానే అనేశాను. మీ అబ్బాయికింకా చెప్పలేదు, ముందు మీకే. ఆఖరుసారని మాటిచ్చింది నేనే, కాదనను. పిల్ల నన్ను మర్చిపోతుందేమోనని భయం కూడా వేస్తోంది.

తిట్టుకోండి. కానీ ఒకసారి నాకు జడ వేస్తూ మీరే చెప్పారు. మిమ్మల్ని ఇన్‌స్పెక్టర్‌ని చేసి వేరే డిపోకి పంపుతామన్నారని, చంటిపిల్లాణ్ణి చూసుకునే దిక్కులేక వద్దనేశారని. "ఇంటికెళ్ళి అడిగి రమ్మన్నారే. ఇంట్లో ఎవరున్నారని అడగను?" అంటూ నా జడ పాయ గట్టిగా లాగి బిగించారు.

మొన్న మేడమ్ నన్నూ అదే అడిగారు, "ఇంట్లో అడిగి చెబుతావా?" అని.

"అక్కర్లేదండీ, ఇంట్లో మా అత్తయ్య ఉన్నారు" అన్నాను.

ఇట్లు,
మీ కోడలు