పొడుగు వైరు పొయ్యి

రంగమ్మా,

నిన్నటితో నీ సంవత్సరీకం అయిపోయింది. ఈరోజు నంద్యాలకు పోయి కరెంటు పొయ్యి కొన్నాను. ఎన్నిసార్లు అడిగావో! "షాక్ కొట్టి సస్తావు మే, కిరసనాయిల్ స్టవ్వే మేలు" అన్నది నేనే.

"ఎంతమందికప్పా?" అన్నాడు అంగడాయన.

"నాకొక్కనికే."

"అట్లయితే ఈ చిన్నది తీసుకో. వంటింట్లో మూలకు పట్టేస్తాది. వంకాయలు గూడా కాల్సుకోవచ్చు."

"వైరు పొడుగుది కావాల."

"ఏందప్పా, పొయ్యి కాడనే గదా నిలబడేది?"

మన ఆళ్లగడ్డ ఇంట్లో స్విచ్చి వాకిలి పక్కన ఉంది. అక్కడిదాకా వచ్చే వైరే వేయించుకున్నాను.

ఇంటికొచ్చి, నువ్వు శుక్రవారాలు పెట్టినట్టే పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టాను. వంకాయ పెట్టాను. అది చిట్లి, రసం కారి, తీగ చుయ్యిమంది. ఒక్క ఉరుకున వాకిలి దాటి, బయటినుంచి చెయ్యి చాపి స్విచ్చి ఆపాను.

స్టవ్వు పేలిన రోజు కూడా నేను నిలబడింది అక్కడే. నువ్వు పిలుస్తూనే ఉన్నావు.

ఆ పొద్దు నేను చేనికాడ ఉన్నానని ఊరంతా నమ్మింది. నన్ను చూసింది నువ్వొక్కదానివే.