ముసలి వేషాల మా అక్కకి

అక్కా,

నువ్వు పోయి ఏడాది దాటింది. బాగున్నావా అని అడగబోయి ఆగిపోయాను... అక్కడైనా ఒళ్ళు తేలికపడిందా? కాళ్ళలో నీరు తగ్గిందా?

నాకు భయంగా ఉంది. ఎవరితోనూ అనలేక నీకు రాస్తున్నాను.

మన సిరి నాటకాల్లో చేరింది. కడుపున పుట్టింది నాకే అయినా గొంతు నీదే కదా. పలాసలో నువ్వు ఆడిన నాటక సమాజం వాళ్ళే ఇంటికొచ్చి అడిగారు. ఏ వేషమనుకున్నావు? ముసలమ్మ వేషమే. తెల్ల విగ్గు పెట్టుకుని అది గుమ్మంలో నిలబడితే నువ్వే వచ్చావనుకున్నాను.

ఇరవయ్యేళ్ళప్పుడు నువ్వూ అలాగే నిలబడ్డావు. పడుచు వేషాలకి పోటీలు పడేవాళ్ళే గానీ, ముసలిదానిగా కనబడటానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. "ఎవులికీ ఒద్దయితే ఆ ముసల్దాని ఏసం నాకిచ్చీండి" అన్నావట. అప్పట్నుంచి టెక్కలిలోనైనా, ఉద్దానం ఊళ్ళలోనైనా తెర లేస్తే అత్తవి నువ్వే, అవ్వవి నువ్వే. తర్వాత విశాఖ రేడియో. గుర్తుందా, కోటబొమ్మాళి సంతలో నువ్వు వంకాయలు బేరమాడుతుంటే, అమ్మే ఆవిడ తలెత్తకుండానే నీ గొంతు పట్టేసింది? రేడియోలో కోడల్ని అంతలా ఏడిపించావని తిట్టి, మళ్ళీ కొసరు ఎక్కువే వేసింది. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నావు.

టీవీ సీరియల్లో వేషం వచ్చాక హైదరాబాద్ వెళ్ళావు. అప్పటికే పొద్దున్న లేచేసరికి నీ మొహం ఉబ్బేది. మేకప్ వేసేవాళ్ళు మురిసిపోయారన్నావు, ముసలితనం దానంతటదే వచ్చేసిందని. ఎవరికి తెలుసక్కా, అది కిడ్నీలని?

మన ఊళ్ళో వీధికొకరికి ఉన్న జబ్బే. నీళ్ళ వల్లా? ఇంకేదన్నానా? ఎవరూ తేల్చి చెప్పలేదు. డయాలసిస్‌కి విశాఖ రైలెక్కేటప్పుడు కూడా సంచిలో రేడియో నాటకం కాగితాలు పెట్టుకునేదానివి. ఆఖరి నాటకంలో మాటకీ మాటకీ మధ్య ఆయాసపడితే, ఎంత బాగా చేసిందో అనుకున్నారు విన్నవాళ్ళు. నీ వెంట వచ్చిన నాకే తెలుసు, అది నటన కాదని. చివరిసారి నీ తల దువ్వుతుంటే ఒక్క తెల్ల వెంట్రుకా కనబడలేదు...

ఇప్పుడు నా పాదాలు పొంగుతున్నాయి. సాయంత్రానికి చెప్పుల గుర్తులు పడుతున్నాయి. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నిలబడతాను కదా, అందుకేలే అనుకున్నాను. ఊరి బడిలో కిడ్నీ పరీక్షలకి రక్తం తీసే శిబిరం పెడితే సిరి నన్ను లాక్కెళ్ళింది. తనూ ఇచ్చింది. ఫలితాలకి పలాస ఆసుపత్రికి రమ్మన్నారు. ఆటో ఎక్కాను గానీ ఆసుపత్రి దగ్గర దిగలేకపోయాను. స్టేషన్ దాకా వెళ్ళిపోయి బెంచీ మీద కూర్చున్నాను. విశాఖ వెళ్ళే బండి వచ్చింది... మనిద్దరం ఎక్కే బండే.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. మొదటి టీవీ షూటింగ్‌కి ముందు ఎదురింటికి ఫోన్ చేసి అన్నావు చూడు, "సేతులు వణుకుతన్నాయే సిట్టీ. వణకనీ... మాట మాత్రం సెప్పెయ్యాల." లేచి వెనక్కి ఆసుపత్రికి నడిచాను.

సిరికి ఏమీ లేదక్కా. ముందు అదే అడిగాను. నాకు మొదలైంది. ఇంకా తొలి దశేనట. మందులు మానకుండా, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకుండా ఉంటే చాన్నాళ్ళు నెట్టుకురావచ్చన్నాడు డాక్టరు. చాన్నాళ్ళంటే ఎన్నాళ్ళు? నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇంటికొచ్చి సిరికి చెప్పేశాను. నీలా నవ్వేసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. అది విగ్గు పక్కన పెట్టి, నా పాదాలు ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. నాటకం మానేస్తానంది. వద్దన్నాను.

ఈ శనివారం టెక్కలిలో వేస్తున్నారు. ముందు వరసలో కూర్చుంటాను. వచ్చే నెల మళ్ళీ పరీక్షకి రక్తం ఇవ్వాలి. భయం పోలేదు. పోతుందనీ అనుకోను. కానీ ఈసారి ఆసుపత్రి దగ్గరే ఆటో దిగుతాను. నీకు మాటిస్తున్నాను.

నీ చిట్టి