తాలింపు మానిన ఊరు

రామక్కకు సుజాత నమస్కారాలు.

అక్కా, "ఇక్కడ క్షేమం" అని మొదలుపెట్టబోయి ఆగాను. క్యాన్సర్ దవాఖానా నుంచి అలా రాయవచ్చో లేదో నీ మరిది కూడా చెప్పలేకపోయారు. మన ఊళ్లో గుట్టెక్కితే తప్ప ఫోన్ అందదు, అందితే ఊరంతా వింటుంది. అందుకే ఈ ఉత్తరం.

నా పేగులో ఉన్న గడ్డ లక్షల్లో ఏ కొందరికో వచ్చే రకమట. సూదితో మందు ఎక్కిస్తారు. అది గడ్డను వెతుక్కుంటూ వెళ్లి కిరణాలతో కాలుస్తుందట. రెండు నెలలకొకటి, మొత్తం నాలుగు. అన్నీ అయ్యేదాకా పట్నంలోనే ఉండాలి. ఎక్కించిన ప్రతిసారీ వారం రోజులు వేరే గది, వేరే మరుగుదొడ్డి. పిల్లల దగ్గరికీ చూలాలి దగ్గరికీ వెళ్లకూడదు. మొదటిది నిన్న అయింది. రాముడి దయ.

నీ తోడికోడలు,
సుజాత

తా.క.: ఇక్కడి దవాఖానా నర్సమ్మ అన్నం గుమ్మంలో పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూస్తుంది. నేను ముట్టాకే వెళ్తుంది. కాకినైపోయాను అక్కా.

*

చెల్లె సుజాతకు రామక్క చెప్పి రాయించేది.

నువ్వు రాసింది పక్కింటి ప్రమీల మూడుసార్లు చదివింది. నాకు ఒక్కసారికే సమజైంది. వేరే గది, ఒంట్ల వేడి, చూలాలు దగ్గరికి రావొద్దు. గిది అమ్మవారు పోసుడు గాక ఇంకేందే? పట్నం డాక్టర్లకేం ఎరుక! వాకిట్ల వేపమండలు కట్టిన. అమ్మకు ఆ వాసన పడదని తాలింపు, నూనె మూకుడు బంద్ చేసిన. నువ్వు గోక్కోకు.

అమ్మ చల్లగ చూడాలె,
రామక్క

తా.క.: ఇది రాసే ప్రమీల మాట. అక్క చెప్పింది చెప్పినట్టే రాశాను, నా తప్పేమీ లేదు. వాసన గోడ దాటుతుందని మా ఇంట్లోనూ తాలింపు ఆపించింది. మూడు రోజులుగా మా ఆయన నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

*

అక్కకు పదే పదే నమస్కరించి సుజాత వ్రాయునది.

ఇది అమ్మవారు కాదక్కా, గడ్డ. స్కానింగ్ ఫోటోలో నేనే చూశాను, రేగుపండంత ఉంది. దయచేసి తాలింపులు పెట్టుకోండి.

రెండోది కూడా అయింది. వాంతులు, నీరసం. రక్తంలో ఏవో కణాలు తగ్గాయని మూడోది నెల రోజులు వాయిదా వేశారు. నాకిక ఓపిక లేదు. రామనామం కూడా సగంలో మరచిపోతున్నాను. మిగతా రెండూ వద్దని ఇంటికి వచ్చేస్తాను. ఆ రాముడు ఎలా రాస్తే అలా.

సుజాత

తా.క.: సగంలో మానితే గడ్డ మళ్లీ పెరుగుతుందని డాక్టరుగారు అన్నారు. అప్పుడు నీ మరిది మందుల షాపులో ఉన్నారు. ఆయనకు చెప్పకు. గుట్టెక్కి అసలే చెప్పకు.

*

చెల్లెకు రామక్క దీవెనలు.

కాదు కాదని రాసినవు, మంచిది. అమ్మ ఒంటి మీదున్నప్పుడు పేరు పెట్టి చెప్పరాదు. పద్ధతి తెలిసినదానివి.

గానీ సగంల వస్తనంటవేంది? అమ్మ దిగి తలకు నీళ్లు పోసిందాక పొలిమేర తొక్కొద్దు. నాలుగు సూదులైతేనే దిగినట్టు. గప్పటిదాక ఊళ్లె ఒక్క ఇంట్ల ఆవాలు చిటపటమనవు. హీరాలాల్ బిడ్డ పెండ్లి కూడ ఆపిన. తాలింపు లేని పప్పు పెడితే వియ్యంకులు లేచిపోతరట. ఇగ నీ ఇష్టం.

రామక్క

తా.క.: ప్రమీల మాట. అక్క వాళ్లాయన దూలయ్య బావ విత్తనాలకని ఈ వారం మూడోసారి తల్లాడ వెళ్లారు. ఇది విత్తనాలు వేసే కాలం కాదు. తువ్వాల నిండా మిరపకాయ బజ్జీల వాసన.

*

అక్కకు సుజాత నమస్కారాలు.

హీరాలాల్ బిడ్డ ఉసురు నాకెందుకని మూడోది వేయించుకున్నాను. దూలయ్య బావ ఉసురు కూడా ఎందుకని నాలుగోదీ వేయించుకున్నాను. స్కానింగ్ అయింది. గడ్డ సగానికి తగ్గి, కదలకుండా కూర్చుందట. పోలేదు. మూడు నెలలకోసారి చూపించుకుంటూ దానితోనే బతకాలన్నారు. కొంచెం ఏడ్చాను.

శనివారం భద్రాచలం బస్సుకు వస్తున్నాం. వెంటనే అందరితో తాలింపులు పెట్టించు. ఊరికి ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు.

సుజాత

తా.క.: నాలుగోది ఎక్కించిన రోజు నర్సమ్మకు ఇదంతా చెప్పాను. నవ్వుతూ నవ్వుతూ ముందుకు వచ్చేసింది. నాలుగడుగులు వెనక్కి పొమ్మని నేనే చెప్పాల్సి వచ్చింది.

*

చెల్లెకు రామక్క చెప్పేది, కోపం చేసుకోకుండ వినాలె.

ఊళ్లె ఎవ్వరూ తాలింపు మానలే. హీరాలాల్ బిడ్డ పెండ్లి ఎప్పుడో అయింది, పప్పు మస్తుగుండె. నీ మొదటి ఉత్తరం వచ్చిన్నాడే మన ఊరి దవాఖానా నర్సు ఉషారాణిని అడిగిన. నాలుగు సూదులూ పడాల్నన్నది. నీ సంగతి నాకెరుక. జ్వరానికి ఐదు గోలీలిస్తే రెండు మింగి మూడు దేవునికి వదిలేస్తవు. నేను చెప్తే వినవు, అమ్మ అంటే వింటవు. నీ పానం కోసం కాకున్నా ఊరోళ్ల నాలుక కోసం సూది పొడిపించుకుంటవు.

గడ్డ పోలేదని ఏడువకు. కూసుంటే కూసోనీ. మీ బావ నలభై ఏండ్లసంది నా ఇంట్ల కూసున్నడు, నేను బతుకుతలేనా?

రామక్క

తా.క.: ప్రమీల మాట, అక్క రాయొద్దన్నది. మా ఆయన మౌనం అబద్ధం, ఆయన నోరు ఎప్పుడూ ఆగలేదు. బావ బజ్జీలు మాత్రం నిజం. ఎందుకంటే వాళ్ల ఒక్క ఇంట్లో తొమ్మిది నెలలుగా నిజంగానే తాలింపు లేదు. అమ్మవారి పేరు పెట్టి అబద్ధమాడానని అక్క చెంపలేసుకుని, నువ్వు వచ్చి తలకు నీళ్లు పోసుకునేదాకా చప్పటి పప్పే తింటానని మొక్కుకుంది. సగమైంది మనిషి. శనివారం దాకా ఎందుకు సుజాతక్కా, వీలైతే శుక్రవారమే రా.