సిద్దేశ్‌కు వచ్చిన చీటీ

అక్కా, బెంగళూరులో ఆపరేషన్ అయింది, లేచి తిరుగుతున్నాను, భయపడకు. మెదడు కింది గడ్డను ఏ దారిన తీస్తే మేలో తేల్చాలని డాక్టర్లు మమ్మల్ని అడిగి, ఒప్పుకున్నాకే ఎవరికి ఏ దారో చీటీలు తీశారు. నాకు తల తెరిచేది, నాలాంటి గడ్డతోనే పక్క మంచంలో చేరిన, మన బళ్ళారిలో గనుల లారీ నడిపే సిద్దేశ్‌కు ముక్కులోంచి తీసేది వచ్చాయి. మూడోరోజుకే వాడు క్రాపు దువ్వుకుంటుంటే, గుండు మీద కట్టుతో ఉన్న నాకు కడుపు మండిపోయింది. వాడితో మాటలు మానేశాను.

నిన్న వాడే కాఫీ తెచ్చి, "నారపా, వాసన వస్తాండాదా? ముక్కులోంచి తీసినప్పట్నుంచి నాకేమీ తెలీడం లేదప్పా" అన్నాడు.

"శానా బాగా వస్తాండాది" అని కావాలనే అన్నాను. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటినుంచి నాకు కాఫీ సయించడం లేదు.

మన కప్పగల్లులో మిరపకాయలు ఆరబెట్టారా? లారీల ఎర్రదుమ్ము పడకుండా కప్పండి. వచ్చేటప్పుడు బొరుగులు మా ఇద్దరికీ సరిపడా తే. మేనకోడలు శ్రుతికి దీవెనలు.

నీ తమ్ముడు
నారప